కిరాణా కొట్టు నిజాయితీగా నడపాలంటే: తరుగును ధరలో కలపండి, తూకంలో కాదు

వచ్చిన ప్రశ్న ఇది. కోదాడ దగ్గర ఒక ఊళ్లో నాన్నగారి కిరాణా కొట్టు కొడుకు చేతికొచ్చింది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఇక కూర్చోలేరు. పక్కవాళ్లంతా ‘కిలోకి 20, 30 గ్రాములు చేతివాటం లేకపోతే కొట్టు నిలబడదు’ అంటున్నారు. తూకం తగ్గించకుండా, అబద్ధం ఆడకుండా ఈ వ్యాపారం చేయొచ్చా? చేస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

చేయొచ్చండీ. పైగా ఇప్పుడున్న పోటీలో చిన్న కొట్టుకి మిగిలిన పెద్ద బలం అదే. కానీ మంచి మనసు ఒక్కటే సరిపోదు, లెక్క రావాలి. మంచివాళ్లయి ఉండి కూడా తూకంలో చేయి పెట్టేవాళ్లలో చాలామందికి దురాశ ఉండదు. ధర వేసేటప్పుడు లెక్క తప్పుతారు, ఆ తప్పును సాయంత్రానికి కాటా మీద సరిచేసుకుంటారు. అందుకే ముందు ధర గురించి చెప్తాను.

ఒక కందిపప్పు బస్తా తీసుకోండి. 50 కిలోలు, కిలో 110 చొప్పున 5,500 రూపాయలు. దింపుడు కూలి 20. మొత్తం 5,520. దీన్ని 50తో భాగిస్తే కిలో 110 రూపాయల 40 పైసలు పడింది. దాని మీద నూటికి 6 వేసుకుంటే 117. అందరూ ఇలాగే వేస్తారు. తప్పు ఇక్కడే ఉంది. 50 కిలోలు కొన్నారు గానీ 50 కిలోలు అమ్మలేరు. బస్తా అడుగున నూక, పొట్టు, మట్టి కలిపి 250 గ్రాములు పోతాయి. పోసేటప్పుడు ఒలికింది, ఎలక కొరికింది ఇంకో 100 గ్రాములు. కాటా మీద కిలో పోస్తుంటే సరిగ్గా 1,000 దగ్గర ఆగదు, 1,003 అనో 1,006 అనో చూపిస్తుంది. ఆ నాలుగు గింజలు వెనక్కి తీయబుద్ధి కాదు, తీయకూడదు కూడా. కిలోకి 5 గ్రాములు వేసుకుంటే బస్తాకి మరో 250. మొత్తం 600 గ్రాములు తరుగు. అంటే మీరు డబ్బు తీసుకునేది 49 కిలోల 400 గ్రాములకే.

ఇప్పుడు 5,520ని 49.4తో భాగించండి. 111 రూపాయల 74 పైసలు వస్తుంది. నూటికి 6 కలిపితే 118 రూపాయల 44 పైసలు, 119 అని రాయండి. 117కి అమ్మితే బస్తా మీద మిగిలేది దాదాపు 260 రూపాయలు. 119కి అమ్మితే దాదాపు 359. ఆ 99 రూపాయల తేడాయే మనిషి చేతిని కాటా మీదకి లాగుతుంది. కిలోకి 20 గ్రాములు కొడితే బస్తాకి ఒక కిలో మిగులుతుంది, అంటే 117 రూపాయలు. ధర మీద 2 రూపాయలు పెంచడానికి మొహమాటపడి, 20 గ్రాములు తగ్గించడానికి వెనకాడని పరిస్థితి అలా వస్తుంది. ఆ 2 రూపాయలు బోర్డు మీద రాయండి. ఇష్టమైతే కొంటారు, లేకపోతే లేదు. కొనేవాళ్లకి కనపడే చోట పెట్టింది వ్యాపారం, కనపడని చోట పెట్టింది దొంగతనం. రెండింటికీ మధ్యలో ఇంకో మాట లేదు.

తరుగు ఒక్కో సరుక్కి ఒక్కో తీరు. నా లెక్క పట్టుకుని మీ కొట్టులో ధర వేయకండి. ప్రతి సరుక్కీ వరసగా మూడు బస్తాలు గమనించండి. బస్తా విప్పిన తేదీ, అప్పటి బరువు ఒక చీటీ మీద రాసి బస్తాకే కుట్టండి. దాన్నుంచి అమ్మిందంతా ఒక పేజీలో గీతలు పెట్టుకుంటూ రండి. అయిపోయినరోజు తేడా చూడండి. మూడింటి సగటు మీ తరుగు. చింతపండు కొత్త పంట మీద కొంటే తడి ఉంటుంది, వేసవి ముగిసేలోపు ఆరి బరువు తగ్గుతుంది. ఉల్లిపాయలు పొట్టు, కుళ్లు, మొలకలు కలిపి అన్నిటికంటే ఎక్కువ పోతాయి. వాటికి వారంవారం లెక్క చూడాలి. బెల్లం, ఎండుమిర్చి వానాకాలం గాలిలోని చెమ్మ పీల్చి బరువు పెరుగుతాయి. అది మనకి లాభం అనిపిస్తుంది గానీ కొన్నవాళ్లు నీళ్లకి డబ్బు కడుతున్నట్టు. మూత గట్టిగా పడే డబ్బాల్లో పెట్టండి, సరుకు కూడా చెడకుండా ఉంటుంది.

ఇక్కడ చాలామంది ఆలోచించని విషయం ఒకటుంది. బస్తా అయిపోయినప్పుడు లెక్క తక్కువ వస్తే అందరూ కంగారుపడతారు. ఎక్కువ వచ్చినా అంతే కంగారుపడాలి. 49.4 కిలోలు రావలసినచోట 50.3 కిలోల డబ్బు వచ్చిందంటే ఎవరో తక్కువ తూచారు, లేదా కాటా తప్పు చూపిస్తోంది. మిగులు వచ్చిన రోజే కాటా పరీక్షించండి. పనివాళ్ల ముందు మిగులు చూసి ఎప్పుడూ సంతోషం చూపించకండి. యజమాని మొహం చూసే కుర్రాడు తూకం నేర్చుకుంటాడు.

కాటా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మీ కాటా మీద ఉన్న రేకు చదవండి. గరిష్ఠం 30 కిలోలు అని, ఇంగ్లిషు చిన్న ‘ఇ’ అక్షరం పక్కన 5 గ్రాములు అని రాసి ఉంటుంది. కిరాణా కొట్లలో ఎక్కువగా ఉండేది ఇదే. దాని అర్థం, ఆ కాటా 5 గ్రాముల మెట్లలోనే చెప్తుంది. 47 గ్రాములు పెడితే 45 అంటుంది, 48 పెడితే 50 అంటుంది. ఈ తరగతి కాటాకి కనిష్ఠ బరువు ఆ మెట్టుకి 20 రెట్లు, అంటే 100 గ్రాములు. అంతకంటే తక్కువ సరుకు దాని మీద తూచకూడదు. మన కొట్లలో యాలకులు, లవంగాలు 25 గ్రాములు, 50 గ్రాములు కూడా దాని మీదే తూస్తారు. యాలకులు కిలో 3,000 రూపాయలు ఉన్నప్పుడు గ్రాము 3 రూపాయలు. రెండు గ్రాముల తేడా అంటే 6 రూపాయలు. ఒకసారి కొన్నవాళ్లకి పోతుంది, ఒకసారి మీకు పోతుంది. సుగంధ ద్రవ్యాలకి ఒక గ్రాము మెట్టున్న చిన్న కాటా విడిగా కొనండి. దాని కనిష్ఠం 20 గ్రాములు, కాబట్టి 25 గ్రాముల పొట్లం కూడా సరిగ్గా తూగుతుంది.

కొనేటప్పుడు రెండువైపులా అంకెలు కనిపించేది తీసుకోండి. రెండో తెర గిరాకీ వైపు ఉండాలి, దాని ముందు బిస్కెట్ల డబ్బా పెట్టకూడదు. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ప్రతి 12 నెలలకీ వేయించాలి. తూకపురాళ్లకి, చేతి త్రాసుకి, లీటరు కొలతలకి 24 నెలలు. ముద్ర వేసినప్పుడు ఇచ్చే ధ్రువపత్రం గల్లాపెట్టె వెనక గోడకి అంటించండి. కాటా మీద సీసపు బిళ్లతో తీగ కట్టి ఉంటుంది. మరమ్మతుకి అది తెంపితే, వారం కిందటే ముద్ర వేయించినా సరే, మళ్లీ వేయించాల్సిందే. మరమ్మతు కూడా లైసెన్సు ఉన్నవాళ్ల చేతే.

పొద్దున్నే కొట్టు తెరవగానే మూడు నిమిషాల పని పెట్టుకోండి. పళ్లెం తీసి కింద దులపండి. పంచదార పలుకులు పళ్లేనికీ మొద్దుకీ మధ్య ఇరుక్కుంటే కాటా సరిగ్గా దిగదు, తక్కువ చూపిస్తుంది. మూలనున్న నీటి బుడగ గుండ్రం మధ్యలో ఉందో లేదో చూసి కాళ్లు తిప్పి సరిచేయండి. ఆన్ చేసి సున్నా వచ్చేదాకా ఆగండి. తర్వాత ముద్రపడిన కిలో రాయి మధ్యలో పెట్టండి, అదే రాయి నాలుగు మూలలా పెట్టండి. అయిదుసార్లూ ఒకే అంకె రావాలి. ఒక మూల 10 గ్రాములు తేడా వస్తే లోపల మీట వంగింది, ఆ రోజు దాని మీద అమ్మకండి. 5 గ్రాముల మెట్టున్న కాటాకి రెండున్నర కిలోల లోపు ముద్ర వేసే రోజున ఒప్పుకునే తేడా రెండున్నర గ్రాములే, వాడకంలో దానికి రెట్టింపు. పైన ఫ్యాను జోరుగా తిరుగుతుంటే అంకెలు ఊగుతాయి. కాటాని ఫ్యాను కిందనుంచి జరపండి, లేదా తూచేటప్పుడు ఫ్యాను తగ్గించండి. కరెంటు పోయి బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు కూడా అంకెలు నిలకడ తప్పుతాయి.

సంచి, డబ్బా, అట్టపెట్టె బరువు సరుకులో కలవకూడదు. ఖాళీ పెట్టె పెట్టి, పాత్ర బరువు తీసేసే మీట నొక్కి, సున్నా చూసి, అప్పుడు సరుకు పోయండి. గట్టి అట్టపెట్టె 60 గ్రాములు ఉందనుకోండి, కిలో 600 రూపాయల జీడిపప్పు పాకం దానితో కలిపి తూస్తే 36 రూపాయలు అట్టకి తీసుకున్నట్టు. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, సందడిలో ఒకరికి పెట్టె బరువు తీసేసి, తర్వాతివాళ్లకి అదే మీట మీద ఉండగానే పెట్టె లేకుండా తూస్తారు. అప్పుడు వాళ్లకి 60 గ్రాములు ఎక్కువ వెళ్తుంది. ప్రతి తూకానికీ ముందు తెర చూడటం వేళ్లకి అలవాటు కావాలి. గిరాకీకి కూడా ‘చూడండి, సున్నా ఉంది’ అని నోటితో చెప్పండి. రెండే మాటలు, వారంలో వాళ్లే చూడటం మొదలుపెడతారు.

కొసరు గురించి. అసలు కంటే కొసరు ముద్దు అన్నది మనవాళ్ల మాట, దాన్ని చంపకండి. కానీ కొసరు కూడా లెక్కలో ఉండాలి, అందరికీ ఒకటే ఉండాలి. ఆసామి గారికి గుప్పెడు, కూలికెళ్లే ఆవిడకి నాలుగు గింజలు అయితే అది మర్యాద కాదు. పైన ధర వేసినప్పుడు కిలోకి 5 గ్రాములు కలిపాం కదా, ఆ 5 గ్రాములు అందరివీ. చీటీ పట్టుకుని వచ్చే చిన్నపిల్లలకి మరీ జాగ్రత్త. వాళ్లు తెర చూడరు, చిల్లర లెక్కపెట్టరు. పిల్లల చేతికిచ్చే చిల్లర చిన్న కాగితంలో చుట్టి, కాగితం మీద మొత్తం, ఇచ్చింది, మిగిలింది మూడు అంకెలూ రాయండి. ఇంట్లో వాళ్లమ్మ చదువుతుంది.

ప్యాకెట్ సరుకులకి పని తేలికే గానీ చిక్కులు ఉన్నాయి. ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర. దానికంటే రూపాయి ఎక్కువ తీసుకోకూడదు, కూల్‌డ్రింక్ చల్లగా ఇచ్చినందుకు 2 రూపాయలు అన్నది కూడా కుదరదు. ఫ్రిజ్ కరెంటు ఖర్చు మీ లాభంలోంచే పోవాలి. చాలట్లేదంటే చల్లటి సరుకు తక్కువ పెట్టుకోండి. కంపెనీ ధర పెంచినప్పుడు మీ దగ్గరున్న పాత సరుకు పాత ధరకే వెళ్లాలి, పైన ఎక్కువ ధర స్టిక్కర్ వేయకూడదు. తగ్గిన ధర స్టిక్కర్ వేయొచ్చు, అయితే అసలు ముద్రించిన ధర దాని కింద కప్పుకుపోకూడదు. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె మీద జీఎస్‌టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు పాత ధర ముద్రించిన సరుకు కొట్ల నిండా ఉంది. అలాంటప్పుడు అర తలుపు మీద కొత్త ధరల పట్టీ అంటించి, పాత ప్యాకెట్ కూడా కొత్త ధరకి ఇవ్వడం సరైన పద్ధతి. మామూలు జీఎస్‌టీ కట్టే కొట్టుకి కొన్నప్పుడు కట్టిన పన్ను జమగా ఉంటుంది, అమ్మినప్పుడు కట్టే పన్నులోంచి దాన్ని తగ్గించుకోవచ్చు. కంపోజిషన్ పద్ధతిలో, అంటే చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉన్నవాళ్లకి ఆ జమ ఉండదు, పాత పన్ను కొన్న ధరలోనే కలిసిపోయి ఉంటుంది. కాబట్టి తేడా ఎవరు భరించాలో అదే వారంలో డిస్ట్రిబ్యూటర్‌తో తేల్చుకోవాలి. కంపోజిషన్‌లో ఉంటే ఇంకో సంగతి, బిల్లులో పన్ను అని విడిగా రాసి తీసుకోకూడదు, కొట్టు బోర్డు మీద ఆ పద్ధతిలో ఉన్నట్టు రాయాలి.

బిల్లు అడగనివాళ్లకి 200 రూపాయల లోపు అమ్మకానికి విడి బిల్లు తప్పనిసరి కాదు, రోజు చివర అన్నీ కలిపి ఒక బిల్లు రాసుకోవచ్చు. ఆ పైన మాత్రం ఇవ్వండి. అడిగితే 20 రూపాయలకైనా ఇవ్వండి.

నూనె దగ్గర చాలామంది మోసపోతారు, అది మీరు చేసిన మోసం కాకపోయినా చెప్పడం మీ పని. లీటరు నూనె బరువు దాదాపు 910 గ్రాములు. పక్కపక్కనే ఒకే సైజు కవర్లు రెండు ఉంటాయి. ఒకటి లీటరు, ఇంకోటి 850 గ్రాములు. 850 గ్రాములంటే లీటరులో దాదాపు 930 మిల్లీలీటర్లే. లీటరు 148 రూపాయలు, 850 గ్రాములది 140 అయితే రెండోది చవకలా కనిపిస్తుంది. 100 గ్రాముల చొప్పున లెక్కేయండి. మొదటిది 16 రూపాయల 26 పైసలు, రెండోది 16 రూపాయల 47 పైసలు. చవకనుకున్నదే ఖరీదు. ఇప్పుడు ప్యాకెట్ మీద గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు, చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని వేలితో చూపించండి. ‘అమ్మా, ఇది లీటరు కాదు’ అన్న ఒక్క మాటతో మీ లాభం ఏమీ పోదు. విడి నూనె డబ్బాలోంచి పోసి అమ్మడం మానేయండి, ప్యాకెట్ కాని వంటనూనె అమ్మకానికి ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకోవు.

గడువు తేదీలకి నెలలో ఒక రోజు కేటాయించండి, ఒకటో తారీకు బాగుంటుంది. అప్పటికి 45 రోజుల్లో గడువు తీరేవన్నీ ఏరి ఒక అరలో పెట్టండి. డిస్ట్రిబ్యూటర్లు వెనక్కి తీసుకునే నియమాలు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. సరుకు కొనేటప్పుడే అడిగి పుస్తకంలో రాసుకోండి. గడువు తీరాక అడిగితే ‘ముందే చెప్పాల్సింది కదండీ’ అంటారు, అప్పుడు కొట్టువాళ్లకి ఆ సరుకు ఎవరికో ఒకరికి అంటగట్టాలనిపిస్తుంది. ఆ స్థితి రానివ్వకపోవడమే ఉపాయం. గడువు దగ్గరపడింది తక్కువ ధరకి, తేదీ చూపించి అమ్మండి. తీరిపోయింది మాత్రం కత్తెరతో కవరు కోసి పారేయండి. కోయకుండా మూలన పెడితే సందడిలో మళ్లీ అరలోకి వస్తుంది.

విడి సరుకులో పాతదీ కొత్తదీ కలపకండి. పుచ్చు పట్టిన శనగలు జల్లించి ఎండబెట్టి, ‘ఇవి కొంచెం పుచ్చు తగిలినవి, ధర తక్కువ’ అని చీటీ పెట్టండి. అమ్ముడవుతాయి. చెప్పకుండా కలిపితే ఒక్కరు కనిపెట్టినా వీధంతా తెలుస్తుంది. మీకు సరఫరా చేసినవాళ్లు కలిపింది కూడా మీ పేరు మీదే పోతుంది, అందుకని దించుకునేటప్పుడు చూడండి. ఆవాలు నాలుగు గింజలు గోటితో నొక్కితే లోపల పసుపుపచ్చగా ఉంటుంది, తొక్క నున్నగా ఉంటుంది. గరుకుగా ఉండి లోపల తెల్లగా ఉంటే అది బలురక్కసి గింజ, ప్రాణాంతకం. ఆ బస్తా దించుకోవద్దు. పసుపు చెంచాడు గ్లాసు నీళ్లలో వేస్తే మంచిది అడుగుకి దిగి నీళ్లు లేత పసుపుగా మిగులుతాయి. నీళ్లు చిక్కటి పసుపుగా నిలిచిపోతే రంగు కలిసింది.

దింపుకునేటప్పుడు బస్తా తూచుకోవడం మొహమాటం అనుకోకండి. గోనెసంచి బరువే అరకిలో పైన ఉంటుంది. అది కలిపి 50 కిలోలా, తీసేసి 50 కిలోలా అన్నది బిల్లు మీద సంతకానికి ముందే తేల్చుకోండి. మీరు పుచ్చుకునేచోట కిలో పోగొట్టుకుంటే ఇచ్చేచోట నిలబడటం కష్టం. అలాగే సరఫరా చేసినవాళ్లు బిల్లులో ఒక పెట్టె రాయడం మరచిపోయి సరుకు దించేస్తే ఫోన్ చేసి చెప్పండి. తర్వాత ఎప్పుడైనా బస్తా తక్కువ వచ్చిందని మీరంటే ఎదురు ప్రశ్న లేకుండా నమ్ముతారు.

చిల్లర. 2 రూపాయలకి బదులు చాక్లెట్ ఇవ్వడం అమ్మకమే, అడగని అమ్మకం. పొద్దున్న గల్లాలో రూపాయి బిళ్లలు 50, రెండు రూపాయలవి 50, అయిదువి 40, పదివి 30 పెట్టుకోండి, 650 రూపాయలు. రోజుకి 100 బిల్లులున్న కొట్టుకి ఇది మధ్యాహ్నం దాకా సరిపోతుంది. గుడి హుండీ, టీ కొట్టు, ఆటో స్టాండు దగ్గర చిల్లర దొరుకుతుంది, బ్యాంకు శాఖలో కూడా అడగండి. పది రూపాయల బిళ్ల చెల్లదన్న పుకారు మన ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగింది. అప్పటికి వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. రూపాయి గుర్తు ఉన్నదీ లేనిదీ రెండూ మంచివే. మీరు తీసుకోండి, అప్పుడే మీరిచ్చినా తీసుకుంటారు. పైసలు వస్తే దగ్గరి రూపాయికి సరిచేయండి, 50 పైసల లోపు వదిలేయండి, ఆ పైన తీసుకోండి. రెండువైపులా ఒకే నియమం ఉంటే నెలాఖరుకి తేడా సున్నాకి దగ్గరగా వస్తుంది. ఎప్పుడూ మీ వైపే సరిచేస్తే బిల్లుకి సగటున అర్ధరూపాయి, రోజుకి 50, నెలకి 1,500 రూపాయలు జనం జేబులోంచి తీసినట్టు.

యూపీఐలో 150కి బదులు 1,500 కొట్టేవాళ్లు నెలకి ఒకరైనా ఉంటారు. వెంటనే తిరిగివ్వండి, కానీ ముందు మీ ఖాతాలో నిజంగా పడిందో లేదో మీ యాప్‌లో చూడండి, వాళ్ల ఫోన్‌లో చూపించిన బొమ్మ చూసి కాదు. ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపండి. ‘ఇంకో నంబరుకి పంపండి’ అంటే పంపకండి. నిజాయితీపరులనే వెతికి ఇలా మోసం చేసేవాళ్లున్నారు.

ఖాతా పుస్తకం దగ్గరే స్నేహాలు చెడతాయి. కార్బన్ కాగితం పెట్టే రెండు ప్రతుల పుస్తకం వాడండి, ఒకటి వాళ్లింటికి వెళ్లాలి. రాసేటప్పుడు పైకి చదవండి: ‘కందిపప్పు కిలో 119, చింతపండు పావుకిలో’ అని. ‘ఇతరములు 85’ అని ఎప్పుడూ రాయకండి, నెల తర్వాత ఆ 85 ఏమిటో మీకూ గుర్తుండదు. అరువుకి ధర ఎక్కువ వేయాలనుకుంటే ముందే చెప్పి వేయండి. చెప్పకుండా ఒక పేజీలో 119, ఇంకో పేజీలో 122 రాస్తే ఇద్దరు అక్కచెల్లెళ్లు చీటీలు పక్కపక్కన పెట్టి చూసిన రోజున మీరు ఏం చెప్పినా నమ్మరు. ఒక పద్దు మీద గొడవ వస్తే మొదటిసారి గిరాకీ మాటే నిలబెట్టి కొట్టేయండి. అదే ఇల్లు మూడోసారి అంటే అరువు ఆపండి.

బేరం ఆడేవాళ్లకి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. ‘తగ్గించమంటే తూకం తగ్గించాలి అక్కా, అది నాకు చేతకాదు’ అని నవ్వుతూ అనండి. నిజమే కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది. ‘అవతల కొట్లో 116కే ఇస్తున్నారు’ అంటే అవతలివాళ్లని ఒక్క మాట అనకండి. ‘తెచ్చుకుని ఇక్కడ తూచుకోండి, డబ్బులక్కర్లేదు’ అనండి. అది 950 గ్రాములు తూగితే కిలో 122 పడినట్టు వాళ్లకే తెలుస్తుంది. నిజంగా కిలో తూగితే వాళ్లు మీకంటే చవకగా కొంటున్నారు, మీరు మీ హోల్‌సేల్ మార్చుకోవాలి.

మొదటి రెండు మూడు నెలలు అమ్మకం తగ్గొచ్చు, ఆ సంగతి దాచను. ధర 2 రూపాయలు ఎక్కువ కనిపిస్తుంది, తూకం తేడా ఇంకా ఎవరికీ తెలియదు. ఆ నెలల్లో ఉప్పు, పంచదార లాంటి అందరికీ ధర తెలిసిన రెండు సరుకుల మీద లాభం నూటికి 2కి తగ్గించుకోండి. మిగతావాటి మీద ధర అలాగే ఉంచండి. ఇలా చేయడం కూడా బోర్డు మీద కనపడేదే కాబట్టి తప్పేమీ లేదు.

తనిఖీకి ఎవరైనా వస్తే ధ్రువపత్రం, బిల్లులు చూపించండి. మామూలు అడిగితే రసీదు అడగండి. తెలంగాణలో ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) నంబరు 1064. మీ మీద ఫిర్యాదు చేయాలనుకునేవాళ్ల కోసం వినియోగదారుల నంబరు 1915 మీరే గోడ మీద రాయండి, ధ్రువపత్రం పక్కనే.

మరచిపోయిన చిల్లరకి, మరచిపోయిన సంచులకి ఒక డబ్బా పెట్టండి. తేదీ, టైము, ఎంత, ఏ రంగు చీర కట్టుకున్నావిడో రాసి వేయండి, పేరు తెలియకపోయినా గుర్తుపట్టొచ్చు. మీరే ఎక్కువ తీసుకున్నట్టు సాయంత్రం లెక్కలో తేలితే ఆ డబ్బు కూడా ఇందులోనే. గల్లాలో కలిపేస్తే ఇక బయటికి రాదు.

చివరగా నాన్నగారి పాత తూకపురాళ్లు. పోత ఇనుప రాళ్లకి సీసం పోసిన గుంట ఉంటుంది, ముద్ర దాని మీదే వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సీసం ఊడిపోతుంది, అంచులు అరుగుతాయి, కిలో రాయి కిలో కాకుండా పోతుంది. ఒక్కో రాయినీ కొత్త కాటా మీద పెట్టి చూడండి. 20 గ్రాములు తక్కువ వస్తే నాన్నగారిని అడిగి బాధపెట్టకండి, ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. లైసెన్సు ఉన్న మరమ్మతు మనిషి దగ్గరికి తీసుకెళ్లి సీసం నింపించి ముద్ర వేయించండి. పొద్దున్న కాటా పరీక్షకి ఎలాగూ ఒక కిలో రాయి కావాలి. కరెంటు పోయి బ్యాటరీ దిగిపోయిన రోజు మిగతావి త్రాసుతో పాటు పనికొస్తాయి. వాటితో తూచడం ఆయన దగ్గరే నేర్చుకోండి, త్రాసు ముల్లు మధ్యకొచ్చి ఆగేదాకా చేయి కదలకుండా పట్టుకోవడం ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు.